పొడుం డబ్బీ మూత మీద గింజ

నాకు అనుమానం ఎక్కువ. గొప్పగా చెప్పుకోవడం లేదు, అలాగని దాచుకోవడమూ లేదు. పెరుగు ప్యాకెట్టు మీద తేదీ దగ్గర్నుంచి పెళ్ళిచూపులకొచ్చినవాడు చెప్పిన చదువు దాకా ఏదీ ఒక్కసారి విని నమ్మే మనిషిని కాను. సింగపూర్‌లో నాకు అన్నం పెట్టింది ఆ గుణమే. ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో కాంట్రాక్టు మీద టెస్టర్‌గా చేరాను. ప్రోగ్రాం రాసినవాడు "అంతా బాగానే పనిచేస్తోంది" అంటే, వాడు అబద్ధం చెబుతున్నాడనుకుని మొదలుపెట్టడమే నా ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతికి, నంబర్లు వేసి, పట్టీ రాసి, సాయంత్రం ఇంటికొచ్చాక ఆ బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట వదలడం మాత్రం నాకు చేతకాలేదు.

ఇల్లంటే టోవా పాయోలో ఒక పాత బ్లాకు, తొమ్మిదో అంతస్తు, ఒక ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది. అంతకు ముందు మూడు గదులు మారాను. ఒకచోట వంటే కూడదన్నారు. ఇంకోచోట "లైట్ కుకింగ్" అన్నారు, అంటే నీళ్ళు కాచుకోవచ్చు, పోపు పెట్టకూడదు. మూడోచోట నేను ఇంగువ వేయగానే ఇంటామె కిటికీలన్నీ తెరిచి నా వంకే చూస్తూ నిలబడింది. తెనాలి పక్క పల్లెలో పుట్టినదాన్ని, తాలింపు లేకుండా ఎన్నాళ్ళు బతకను? ఈ ఆంటీ మాత్రం మొదటి రోజే వంటింట్లోకి తీసుకెళ్ళి పోపులపెట్టె చూపించి, "నీకు కావల్సినట్టు ఒండుకో. మంట సూసి కట్టు, సాలు" అంది. ఇంత ఊళ్ళో నాకు అలాంటి మాట అన్నది ఆవిడ ఒక్కతే. ఏం జరిగినా ఈ గది వదులుకోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. తర్వాత నేను నోరు మూసుకుని కూర్చున్న పాపానికి మూలం అదే.

ఆంటీకి డెబ్బై దాటాయి. మలేషియాలో పేరాక్ వైపు ఒక రబ్బరు తోటలో పుట్టి, పక్క తోటకి కోడలై, భర్తకి ఇక్కడ ఓడలు బాగుచేసే యార్డులో పని దొరికితే ఈ వైపు వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళు. ఒక్కడే కొడుకు, నాకంటే పదేళ్ళు పెద్ద, సెంగ్‌కాంగ్‌లో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు. ఆదివారం ఆదివారం తల్లి దగ్గరికి భోజనానికి వస్తాడు. నేను అతన్ని అన్నయ్యా అనేదాన్ని. ఆంటీ తెలుగు శ్రీకాకుళం వైపు తెలుగు, తాతల నాడు ఓడెక్కి వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది, మధ్యలో తమిళం, మలాయ్ మాటలు వచ్చి చేరాయి. మాట్లాడ్డమే గాని చదవడం రాదు. తోటలో ఉన్నది తమిళ బడి.

సాయంత్రం నేను తలుపు తీయగానే ఆవిడ నోట వచ్చే మొదటి మాట, "మాకన్ అయిందా?" తిన్నావా అని. నాకు దాని మీదా అనుమానమే. ఈ పూట స్టవ్ వెలిగిస్తానో లేదో తేల్చుకోవడానికి అడుగుతోందనుకునేదాన్ని. "అయిందండీ ఆంటీ" అని, ఆవిడ టీవీ ముందుకు వెళ్ళాక నెమ్మదిగా ఉప్మా చేసుకునేదాన్ని.

హాల్లో దేవుడి అలమర పక్కనే ఒక చిన్న చెక్క బల్ల. దాని మీద ఆవిడ మామగారి తండ్రి ఫోటో. మీసాలు, తలపాగా, కెమెరాను చూసి బెదిరిన కళ్ళు. పక్కన అద్దం కట్టించిన ఒక పాత తోట కాగితం, కింద సంతకం ఉండాల్సిన చోట బొటనవేలి ముద్ర. ఆ కుటుంబంలో సముద్రం దాటిన మొదటి మనిషి ఆయన. పేరాక్‌లో అడివి నరికి తోట వేసినవాళ్ళలో ఒకడు. ఆ ఫోటో ముందు, పసుపు గుడ్డ మీద, ఒక పొడుం డబ్బీ.

గేదె కొమ్ముతో చేసిన డబ్బీ. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, నల్లగా, మధ్యమధ్య తేనె రంగు చారలు. మూతకి ఇత్తడి మేకు. ముక్కుపొడుం వేసుకునేవాళ్ళు మొలలో దోపుకునే రకం. ప్రతి శుక్రవారం ఆంటీ తలస్నానం చేసి, దాన్ని చేతిలోకి తీసుకుని, కొబ్బరినూనె రాసి, చంటిబిడ్డకి రాసినట్టు నిదానంగా రుద్దేది. లోపల ఎప్పుడూ ఇంత పొడుం ఉండేది. ఈ దేశంలో ఆ పొడుం ఎక్కడ దొరుకుతుందో, ఎవరు తెస్తారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నేను చేరిన వారానికే బల్ల తుడుస్తుంటే దాని మీద చెయ్యి పడింది. ఆంటీ వంటింట్లోంచి చూడనే చూసింది.

"దాని మీద సెయ్యి ఎయ్యకు."

"తుడుద్దామని ఆంటీ."

"నాను తుడుసుకుంటాను. నువ్వు సదువుకున్న పిల్లవి, నీకెందుకు."

చదువుకున్నదానికీ బల్ల తుడవడానికీ ఏం సంబంధం? ఆ మాట నా బుర్రలో ఓ మూల కూర్చుంది. ఇంట్లో బంగారం గాజులు సబ్బు పెట్టె పక్కన వదిలేసే మనిషి, ఈ కొమ్ము ముక్కకి ఇంత కాపలా ఎందుకు కాస్తోంది?

దానికి తోడు కథలు. చేరిన కొత్తలో అడిగితే, తాత బయల్దేరేటప్పుడు ఊరి జమీందారు మెచ్చి ఇచ్చాడంది. రెండు నెలల తర్వాత పక్క ఫ్లాట్ చైనా ఆంటీకి తన ఇంగ్లీషులో చెబుతుంటే నా చెవిన పడింది, తోట దొర పులిని కొట్టినందుకు ఇచ్చాడట. ఇంకోసారి అడిగితే, "ఆళ్ళ నాన్నది. మరి ఎవులది?" అని విసుక్కుంది. నాకు ఇదంతా ఆఫీసులో పనిలాగే అనిపించింది. ఒకే ప్రశ్న మూడుసార్లు వేస్తే మూడు జవాబులు వస్తున్నాయంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే. కూలికి ఓడెక్కిన మనిషిని జమీందారు పిలిచి కానుక ఇచ్చాడంటే నేను నమ్మలేదు. డబ్బీ పాతదే కాదేమో, చైనాటౌన్‌లో కొన్నదేమో అని కూడా అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం అన్నయ్య భోజనం చేస్తూ కబురు మోసుకొచ్చాడు. తెలుగువాళ్ళు కొందరు కలిసి, ముందు తరాల వస్తువులతో చిన్న ప్రదర్శన పెడుతున్నారట. పొడుం డబ్బీ ఇస్తానని ఒప్పేసుకున్నాడు.

"కార్డు ఒకటి రాయాలి, తెలుగూ ఇంగ్లీషూ. నువ్వు రాసిపెట్టు లా, నాకు తెలుగు రాయడం రాదు కదా" అన్నాడు నాతో, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాటకి 'లా' తగిలించి.

ఆంటీ వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"అది ఇల్లు దాటదు."

"ఒక వారమే, అమ్మా. గాజు పెట్టెలో పెడతారు. సేఫ్ లా."

"గాజు పెట్టెలో ఎడితే ఎవులైనా సూస్తారు. ఒద్దు."

"చూడ్డానికే కదా పెట్టేది."

"ఒద్దన్నానా."

అతను కంచం పక్కకి నెట్టి లేచిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాతో, "అడిగి వివరాలు రాసి ఉంచు, అమ్మని నేను ఒప్పిస్తాను" అన్నాడు. వివరాలు ఎవర్ని అడగను? జమీందారునా, దొరనా?

తర్వాతి ఆదివారం పొద్దున ఆంటీ పసర్‌కి వెళ్ళింది. పసర్ అంటే కింద బజారు, చేపలూ కూరలూ కొని ఇద్దరితో కబుర్లాడి వచ్చేసరికి గంట పడుతుంది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విని, బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బీ చేతిలోకి తీసుకున్నాను. సిగ్గనిపించలేదా అంటే, ఆ క్షణంలో లేదు. తప్పు పట్టుకోబోతున్నానన్న హుషారు ఉంది.

మూత బిగుసుకుపోయి ఉంది. గోరు పెట్టి లాగితే ఠక్కున వచ్చి, పొడుం ఘాటు ముక్కులోకి దూసుకుపోయింది. వరసపెట్టి ఆరు తుమ్ములు తుమ్మాను. కళ్ళు తుడుచుకుని మూత లోపలివైపు వెలుతురుకి పెట్టి చూస్తే, కత్తి మొనతో గీకిన అక్షరాలు. తెలుగు. పాతకాలపు గొలుసు చేతిరాత, తలకట్లు పొడుగ్గా సాగి ఉన్నాయి. మూడు వరసలు: ఇంటిపేరు, పేరు, ఊరు.

ఆ ఇంటిపేరు వీళ్ళది కాదు. ఆ పేరు ఫోటోలో ఉన్నాయనది కాదు. ఆయన పేరు నాకు బాగా తెలుసు, ప్రతి శుక్రవారం దీపం పెడుతూ ఆంటీ పైకే అంటుంది. పైగా ఆయన వేలిముద్ర మనిషి. ఇంత ముచ్చటగా రాసుకున్నవాడు వేరే ఎవరో.

దొరికావు, అనుకున్నాను. ఇదన్నమాట కాపలా కాస్తోంది. వీళ్ళ తాత ఎవరి సొత్తో కొట్టేశాడు. "నువ్వు సదువుకున్న పిల్లవి" అన్న మాటకి అర్థం అప్పటికి తెలిసింది.

తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. నా వేళ్ళ గుర్తులు ఉంటాయని, పొడుం రాలిందని, తడి టిష్యూ తీసి డబ్బీ నాలుగు వైపులా శుభ్రంగా తుడిచాను. ఏళ్ళ తరబడి నూనె తాగిన కొమ్ము అది. తడి తగిలి, ఆరాక మూత మీద బొటనవేలంత మేర తెల్లగా పాలిపోయింది. నేను తీసేముందు ఆ మూత మీద ఒక పసుపు బియ్యపు గింజ ఉందని కూడా నాకు తెలియదు. కొడుకు గొడవ పెట్టుకుని వెళ్ళిన రోజు నుంచి ఆంటీ దాన్ని అక్కడ పెడుతోంది, ఎవరైనా ముట్టుకుంటే పడిపోవాలని. అనుమానంలో ఆవిడ నాకంటే పదాకులు ఎక్కువే చదివింది.

నా ఖర్మకి ఆ రోజు అన్నయ్య పెందలాడే వచ్చాడు. ఆంటీ చేపలు కడుగుతుంటే అతనొక్కడే హాల్లో కూర్చుని పేపరు చదివాడు. భోజనాలయ్యాక ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళింది. వంగి నేల మీద ఏదో వెతికింది, లేచి మూత మీద వేలితో రాసింది.

"దీన్ని తెరిసినావా?"

"ఏది?"

"పోటో తీసి ఆళ్ళకి పంపించినావా?"

"అమ్మా, ఐ డిడంట్ టచ్. ప్రామిస్ లా."

"మరి దయ్యం తెరిసిందేటి? ఒద్దన్న పని నా ఎనకాల సేస్తావా? మీ నాన్న పోతా పోతా నీకేటి సెప్పినాడు?"

నేను నా గది గుమ్మంలోనే ఉన్నాను. చెప్పడానికి రెండు ముక్కలు చాలు. నేనే తెరిచాను. నోటిదాకా వచ్చింది. వెంటనే పోపులపెట్టె కళ్ళ ముందు మెదిలింది, కొత్త గది వెతుక్కోవడం, మళ్ళీ ఎవరో తలుపు దగ్గర నిలబడి మూతి ముడవడం. మింగేశాను. అన్నయ్య తల్లి వంక చూసి, ఒకసారి నా వంక కూడా చూసి, బ్యాగు తీసుకున్నాడు.

"మాలయ అమాసకి నువ్వు రావద్దు. పెద్దలకి నానే ఎట్టుకుంటాను" అంది ఆవిడ, అతని వీపుతో.

తలుపు మూసుకుంది. తేలు కుట్టిన దొంగలా గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

నాలుగు ఆదివారాలు అతను రాలేదు. ఆవిడ ఫోన్ చేయలేదు. ఆదివారం చేపల పులుసు ఆగిపోయింది, పసర్‌కి వెళ్ళడం కూడా తగ్గింది. అది చైనావాళ్ళు చనిపోయినవాళ్ళకి పెట్టుకునే ఏడో నెల. బ్లాకు కింద రేకు డబ్బాల్లో పెద్దల కోసం కాగితాలు కాలుస్తుంటే పొగ తొమ్మిదో అంతస్తు దాకా వచ్చేది. ఆంటీ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అది చూస్తూ కూర్చునేది. నేను ఆఫీసు నుంచి రాగానే మాత్రం, "మాకన్ అయిందా?" ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు. అయినా నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. దొంగసొమ్ము పెట్టుకుని కొడుకు మీద అరిచింది ఆవిడే కదా, నాదేముంది, అని. సమర్థించుకోవడంలో నాకు మంచి తెలివి ఉండేది.

మహాలయ అమావాస్య వారం మధ్యలో పడింది. ఆవిడ ఒక్కతే అన్నీ ఎలా చేసుకుంటుందని ఆఫీసులో పూట సెలవు పెట్టాను. జాలి అని చెప్పుకున్నాను గాని, నిద్ర పట్టక అన్నదే నిజం. పదకొండింటికి వంట పూర్తయింది. గారెలు, పరమాన్నం, గుమ్మడికాయ కూర, చేప వేపుడు. ఫోటో ముందు నేల తుడిచి అరిటాకు వేసింది. దాని పక్కనే, జానెడు ఎడం వదిలి, ఇంకో ఆకు వేసింది. మొదటి ఆకు తాతకి. రెండో ఆకు ముందు పసుపు గుడ్డ పరిచి, పొడుం డబ్బీ తెచ్చి పెట్టింది. మూత మీద తెల్ల మచ్చ నన్నే చూస్తోంది.

"రెండోది ఎవరికి ఆంటీ? అంకుల్‌కా?"

"మా ఆయనకి తద్దినం ఏరే రోజు ఎడతాం. ఇది ఆయనది."

"ఎవరిది?"

ఆవిడ గారెలు వడ్డించడం ఆపలేదు. "నీకు సెప్పకూడదు అనుకున్నాను. ఇంక నా తరవాత ఎట్టేవోడు లేడు, ఎవులికి దాసను? డబ్బీ కలిగినాయనది."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయలేను, మధ్యలో రెండుసార్లు లేచి స్టవ్ చూసొచ్చింది. సారాంశం ఇది. తాతా, ఆయనా ఒకే ఓడలో వచ్చారు, వేరే వేరే ఊళ్ళ నుంచి. తోటలో కూలీల వరస ఇళ్ళలో, వాటిని లైన్లు అంటారు, ఇద్దరికీ ఒకే గది. ఆయనకి చదువొచ్చు. లైన్లో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఇళ్ళకి ఉత్తరాలు ఆయనే రాసిపెట్టేవాడు, అందుకని అందరూ పంతులూ అనే పిలిచేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

"అడివిలో జొరాలు గదా. ఆయనకి తగిలింది. ఒక పొద్దున్న, 'ఈయేళ పనికి పోకు, నా కాడ కూకో' అన్నాడంట. మా తాత పనికే పోనాడు. పోకపోతే పేరు కొట్టేస్తారని బయం. సాయంత్రం ఒచ్చేసరికి ఆయనలో పానం నేదు. డబ్బీ తల కింద ఉంది."

"తాత తీసుకున్నాడా?"

"ఆళ్ళ ఇంటికి పంపుదామని దాసినాడు. నోపల రాత ఉందని ఎరుగును. సదివించాలంటే ఎవులికో ఒకలికి సూపించాలి గదా. సూపిస్తే, ఇది నీకెలాగొచ్చింది అంటారు. అప్పటికే నాదే అని ఇద్దరు ముగ్గురికి సెప్పీసినాడు. సచ్చినోడి సామాను తీసినోడని ఆ లైన్లో అనిపించుకుంటే బతకలేడు. అందరి ఉత్తరాలు రాసినాయన సస్తే, ఆ కబురు రాసినోడు నేడమ్మా. ఆళ్ళ ఇంట్లో ఎన్నేళ్ళు సూసినారో."

ఆవిడ రెండో ఆకు మీద పరమాన్నం వేసి, వేలితో అంచు సర్దింది.

"తాత సచ్చేముందు మా మాంగారికి సెప్పినాడు. ఆకు ఎయ్యి, సదువుకున్నోల్ల సేతికి మాత్రం డబ్బీ ఇయ్యకు అని. మాంగారు మా ఆయనకి. మా ఆయన నాకు, మా వాడికి. పంతులూ, ఒచ్చి తినిపో అంటాం. పంతులు ఏం పేరు? ఊరికే అలాగ పిలిస్తే ఎవులు ఒస్తారో, ఎవులు తింటారో. ఆయనకి అందుతాదో నేదో నాకు తెల్దు. మా వాడు ఇదంతా ఎరిగుండి దాన్ని బజారుకెక్కిస్తానంటాడు. తెరవలేదని అబద్దం ఆడతాడు."

మూడు తరాలుగా తెలియక తిప్పలు పడుతున్న ఆ మూడు వరసలు నెల రోజులుగా నా బుర్రలో ఉన్నాయి. దొంగని పట్టుకున్నానని నేను లోలోపల మురిసిపోతూ దాచుకున్నది ఆ పేరు. చెప్పాలంటే ఎలా తెలిసిందో కూడా చెప్పాలి.

"ఆంటీ, మూత తెరిచింది అన్నయ్య కాదు. నేను."

ఆవిడ చెయ్యి ఆకు మీదే ఆగింది.

"మీరు పసర్‌కి వెళ్ళినప్పుడు తెరిచాను. తడి గుడ్డతో తుడిచి మచ్చ చేసింది కూడా నేనే. అన్నయ్యకి ఏం తెలీదు. లోపల ఉన్నది చదివాను."

ఏమంటుందోనని తల వంచుకుని కూర్చున్నాను. తిట్లు రాలేదు. మెల్లిగా, "పేరుందా?" అంది.

చెప్పాను. ఇంటిపేరు, పేరు, ఊరు.

"మళ్ళీ సెప్పు."

చెప్పాను.

"నిదానంగా సెప్పు."

మూడోసారి నాతో పాటు పెదవులు కదిపింది. తర్వాత కొంగుతో మొహం ఒత్తుకుని, ఫోన్ తీసుకుని కొడుక్కి చేసింది. "ఆకు ఏసి ఉంది. రా" అంది, అంతే, పెట్టేసింది. అతను ఆఫీసు వదిలి వచ్చేసరికి రెండు దాటింది. అన్నం చల్లారిపోయింది. అంతసేపూ ఆవిడ రెండు ఆకుల ముందు నుంచి లేవలేదు, నేను ఆవిడ వెనక నుంచి లేవలేదు. అతను స్నానం చేసి వచ్చి కూర్చున్నాక తాత పేరు పిలిచాడు. రెండో ఆకు దగ్గర ఎప్పటిలా "పంతులూ" అనబోతుంటే ఆంటీ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

తనే పిలిచింది. ఇంటిపేరుతో, ఊరితో సహా. "బాబూ, ఇన్నాళ్ళూ పేరెట్టి పిలవనేదు. కోపం ఎట్టుకోకు. ఒచ్చి తిను" అంది. అని, భోరున ఏడ్చింది. అన్నయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అతనికి నేను అంతా చెప్పింది అప్పుడే.

ఇక్కడ పక్షులకి తిండి పెట్టకూడదు, ఎవరైనా చూస్తే జరిమానా. అయినా ఆంటీ రెండు ముద్దలు కిటికీ గట్టు మీద, బట్టలారేసే వెదురుబొంగు చాటున పెట్టింది. కాకి రాలేదు. రెండు గోరింకలు వచ్చి తిన్నాయి. "ఇక్కడ అంతే. ఏది ఒస్తే అదే" అంది.

సాయంత్రం అన్నయ్య వెళ్ళాక నన్ను కూర్చోమంది. గొంతులో కోపం లేదు.

"పేరు ఇచ్చినావు. అది మా ఇంటికి నువ్వు సేసిన మేలు. నెల దినాలు నా కొడుకుని దొంగని సేసి ఊరుకున్నావు. అది ఏరే. ఈ నెలాకరుకి ఇంకో గది సూసుకో."

"సరే ఆంటీ" అన్నాను. బతిమాలలేదు. బతిమాలే మొహం నాకు లేదు.

కొత్త గది కూడా టోవా పాయోలోనే దొరికింది, నాలుగు బ్లాకుల అవతల. లైట్ కుకింగ్. వెళ్ళేముందు, ఆ ఊరికి ఉత్తరం రాయమంటారా అని అడిగాను. రెండ్రోజులు ఆలోచించి రాయమంది. ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకి రాశాను, ఫలానా ఇంటిపేరు వాళ్ళెవరైనా ఉంటే తెలియజేయమని. జవాబు రాలేదు. ఉత్తరం అందలేదని ఆంటీ అనుమానం, అందినా చదివి ఉండరని నాది. డబ్బీ ప్రదర్శనకి వెళ్ళలేదు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. దాన్ని పిలవాల్సిన చోటు వేరే ఉంది.

మరుసటి ఏడాది మహాలయ అమావాస్య పొద్దున నా ఫోన్ మోగింది.

"ఆ పేరు మళ్ళీ సెప్పమ్మా. నాకు గ్యాపకం ఉండదు."

చెప్పాను. నిదానంగా, మూడుసార్లు. ఆవిడ నా వెనకాలే పలికింది. "సరే. మాకన్ అయిందా?" అంది. అయిందన్నాను. పెట్టేసింది. ఆ తర్వాత ఏటా అదే రోజు, అదే వేళకి, అదే ఫోను. నేను పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు మారాను, ఉద్యోగాలు మారాను, ఫోన్ నంబరు మాత్రం మార్చలేదు. పేరు కాగితం మీద తమిళంలో రాయించి ఇస్తానంటే వద్దంది. అంగడి బిల్లుల్లో ఒక్క సెంటు తేడా వస్తే పట్టుకునే మనిషి, మూడు మాటలు గుర్తుండవంటే నేను నమ్మలేదు. అనుమానపడ్డాను. పైకి అనలేదు.

ఆవిడ పోయిన ఏడు, అమావాస్య పొద్దున ఫోన్ మోగదనుకున్నాను. మోగింది. అన్నయ్య.

"ఆకులేస్తున్నా. ఈసారి మూడు" అన్నాడు.

"పేరు చెప్పనా అన్నయ్యా? రాసుకుంటావా?"

"వద్దు లా. అది నాకొచ్చు. ఆ ఏడాది నుంచే అమ్మ శుక్రవారం శుక్రవారం దీపం దగ్గర తాత పేరుతో పాటు అదీ అనేది. మా పిల్లలకి కూడా వచ్చు."

"మరి ఏటేటా నాకు ఫోన్ చేసి ఎందుకు అడిగేది?"

"ఏమో. నన్ను కూడా ఈ రోజు తప్పకుండా నీకు చెయ్యమంది. ఒక మాట అడగమంది" అన్నాడు. అటు వంటింట్లో ఏదో చిటపటమంటోంది, పోపు పెడుతున్నట్టున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"మాకన్ అయిందా?"